నీ యింట నేమున్నది?

వాక్యభాగము: 2 రాజులు 4:1–7
కలిపి చదువవలసినవి: ద్వితీయోపదేశకాండము 24:10–13, లూకా 12:13–21



గద్వాల సీమలోని ఒక పల్లెలో జరిగిన సంగతితో ఈ నెల ధ్యానమును ఆరంభించుచున్నాను. ఆ సంఘములో ప్రతి ఆదివారము ముందు వరుసలో కూర్చుండు ఒక సహోదరి మూడు వారములు వరుసగా కనబడలేదు. జ్వరమేమో అనుకొంటిని. ప్రభురాత్రి భోజనపు ఆదివారము కూడ ఆమె రానందున, ఆరాధన ముగిసిన పిమ్మట వారి యింటికి పోతిని. తలుపు లోపల గడియ వేసి యున్నది. పలుమారు పిలిచిన మీదట వచ్చి తీసినది. "ఏమమ్మా, ప్రభువు బల్లకు కూడ రాలేదే?" అని అడిగితిని. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, "ఎట్ల రావాలె అయ్యగారూ? నా కిస్తీ కట్టిన నలుగురూ ఆడనే కూసుంటరు. వాళ్ల ముఖం నేనెట్ల సూడాలె?" అన్నది.

సంగతి యిది. రెండేండ్ల క్రిందట ఆమె కుమారుని వివాహము జరిగెను. బంధువులలో తక్కువ పడరాదని మంటపము, వీడియో, పెట్టుపోతలు అన్నియు ఘనముగా చేసిరి. దానికై మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చిరి. కోడలు వచ్చిన యింట ఫ్రిజ్జు లేదేమని పదిమంది అడుగుదురని, కిస్తీల మీద ఫ్రిజ్జు తెచ్చిరి. ఆ రెంటిని తీర్చుటకు అయిదుగురు స్త్రీలు కలిసిన గ్రూపులో 40,000 రూపాయల లోను తీసికొన్నది. పదునైదు దినములకొక కిస్తీ. ఒకరు కట్టలేనిచో మిగిలిన నలుగురు కట్టవలెనని ఏర్పాటు. ఆ నలుగురును మన సంఘపు స్త్రీలే, ఒకే వాడవారే. పెనిమిటి పూణెకు కూలికి పోయి యుండగా అక్కడ పని నిలిచిపోయెను. రెండు కిస్తీలు తప్పెను. నలుగురును కట్టిరి. అటుపిమ్మట బావి కడను, కిరాణా కొట్టు కడను, చివరకు దేవుని మందిరములోను ఆమెకు వారు అక్కచెల్లెండ్రుగా కనబడలేదు, బాకీదారులుగానే కనబడిరి.

నేను ఇంకొక మాట ఒప్పుకొనవలెను. ఆ వివాహములో ఆశీర్వాద ప్రార్థన చేసినవాడను నేనే. విందు భోంచేసి, "పెండ్లి చాల బాగుగా చేసితిరమ్మా" అని మెచ్చుకొన్నవాడను నేనే. ఆ రొక్కము ఎక్కడిదని ఒక్కమాట అడుగలేదు.

ఆ దినము ఇంటికి వచ్చి పరిశుద్ధ గ్రంథము తెరచినప్పుడు ఎలీషా కాలపు విధవరాలి వృత్తాంతము నాకు క్రొత్తగా కనబడెను. దానిని మీతో కలిసి ధ్యానింప గోరుచున్నాను.

1. తలుపు కడ నిలిచిన అప్పు

ప్రవక్తల శిష్యులలో ఒకడు మరణించెను. అతడు దేవునియందు భయభక్తులు గలవాడని భార్య సాక్ష్యమిచ్చుచున్నది. అతడు సోమరియని గాని త్రాగుబోతని గాని గ్రంథము చెప్పుట లేదు. అయినను అతడు పోయిన పిమ్మట ఆ యింట మిగిలినది అప్పు. అప్పిచ్చినవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవుటకు వచ్చెను. భక్తిగల యింటికి అప్పు రాదని మనలో కొందరు తలంచుచున్నారు. అప్పుబడినవాడు భక్తిహీనుడని మరికొందరు తీర్పు తీర్చుచున్నారు. ఈ రెండు తలంపులను ఈ వాక్యభాగము త్రోసివేయుచున్నది.

అప్పుకై బిడ్డలను పట్టుకొనిపోవు కథ మన పెద్దలకు క్రొత్తది కాదు. గద్వాల, వనపర్తి నైజాము రాజ్యములో సంస్థానములుగా నున్న కాలమున భగేలా అను పద్ధతి ఉండెడిది. కొడుకు పెండ్లికో, కరవు నాటి గింజలకో దొర యొద్ద కొద్దిపాటి రొక్కము తీసికొన్నవాడు ఆ అప్పు తీరువరకు ఆ యింట జీతముండవలెను. తండ్రి పోయినచో ఆ కాడి కొడుకు మెడకు వచ్చెడిది. మన సంఘములలో అనేకుల తాతలు అట్లు బ్రదికినవారే. 1976లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి అప్పులను చెల్లనివిగా చేసెను. అయినను వలసపోవు కూలివానిని అప్పు వెంబడించుచునే యుండెను. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ యొద్ద ముందుగా రొక్కము తీసికొని, దేశములో ఎక్కడ ఆనకట్ట కట్టినను, ఎక్కడ కాలువ త్రవ్వినను అక్కడికి పోయిరి. నాగార్జునసాగరు మొదలుకొని ఎన్ని పనులలో వారి చెమట యున్నదో! తీసికొన్న రొక్కము తీరువరకు ఇంటి ముఖము చూచుట కష్టముగా నుండెడిది.

2016 అక్టోబరు 11న మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు వేరు జిల్లాలైనవి. జూరాల నీళ్లు, ఎత్తిపోతల నీళ్లు కొన్ని పొలములకు పారుచున్నవి. గద్వాల సీమ చేలలో విత్తన పత్తి పండుచున్నది. బడులు పెరిగినవి, రోడ్లు పెరిగినవి. వీటికై దేవునికి స్తోత్రము. కాని అప్పు పోలేదు, అది వేషము మార్చుకొన్నది. నాడు కర్ర పట్టుకొని వచ్చినది నేడు మోటారు సైకిలు మీద, చేత ఫోను పట్టుకొని చిరునవ్వుతో వచ్చుచున్నది.

2010 సంవత్సరమును మీలో అనేకులు మరచియుండరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఒక్కొక్క యింట రెండు మూడు కంపెనీల గ్రూపు లోనులు పేరుకొనెను. వసూలు చేయువారి ఒత్తిడి తాళలేక ప్రాణములు తీసికొన్నవారి వార్తలు పత్రికలలో వచ్చెను. ఆ ఏట అక్టోబరు నెలలో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను, అదియే తరువాత చట్టమాయెను. కిస్తీ వసూలుకు ఇంటి మీదికి పోరాదని, గ్రామ పంచాయతి కార్యాలయము వంటి బహిరంగ స్థలములోనే తీసికొనవలెనని, వారము వారము గాక నెలకొకసారి తీసికొనవలెనని, మిత్తి అసలును మించరాదని అందులో విధించిరి.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము 10, 11 వచనములు చూడుడి. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కొరకు పొరుగువాని యింట చొరబడరాదనియు, వెలుపల నిలిచియుండవలెననియు, ఇంటివాడే దానిని తెచ్చి యియ్యవలెననియు దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించెను. బీదవాని గడప దేవుని దృష్టిలో ఎంత గౌరవము గలదో చూచితిరా! వేల సంవత్సరముల పిమ్మట మన ప్రభుత్వము చేసిన చట్టము ఆ గడప యొద్దకే వచ్చి నిలిచెను.

కాని చట్టము ఒక్కటే మనలను కాపాడునని తలంపకుడి. రిజర్వు బ్యాంకు యొద్ద నమోదైన ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టము వర్తింపదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పెను. అట్టి కంపెనీలకు 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమము వేరుగా నున్నది. ఏటికి 3,00,000 రూపాయల లోపు ఆదాయము గల కుటుంబమునకు అన్ని అప్పుల కిస్తీలు కలిసి నెల ఆదాయములో సగమునకు మించరాదని అది చెప్పుచున్నది. ఆ నియమము మంచిదే. అయినను ఆలోచించుడి. నెల సంపాదనలో సగము కిస్తీలకే పోయిన యింట బియ్యమునకెంత, బడి ఫీజునకెంత, మందులకెంత మిగులును?

2. లేనిదానిని చూపు అంగడి

అప్పు ఇంటికి ఎట్లు వచ్చుచున్నదో తెలిసికొనుటకు మునుపు అంగడి ఎట్లు నడచుచున్నదో తెలిసికొనవలెను. ఈ కాలపు వ్యాపారము మన తాతల నాటి వ్యాపారము వంటిది కాదు. ఆనాడు కుమ్మరి ఊరికి కావలసినన్ని కుండలు చేసెను. నేడు కర్మాగారము దినమునకు లక్షల వస్తువులు చేయుచున్నది. వాటిని కొనువారు లేనిచో యంత్రము నిలుచును, పెట్టిన పెట్టుబడికి లాభము రాదు. కావున వస్తువును చేయుటతో పాటు, ఆ వస్తువు కావలెనను కోరికను కూడ చేయవలసి వచ్చెను.

అమెరికాలో 1919లోనే జనరల్ మోటార్స్ అను కార్ల కంపెనీ, తన కార్లు కొనువారికి అప్పిచ్చుటకు ఒక ప్రత్యేక సంస్థను స్థాపించెను. రొక్కము కూడబెట్టి పిమ్మట కొనువాడు ఆలస్యము చేయును, ముందు కొని పిమ్మట కట్టువాడు నేడే కొనును గదా. 1955లో విక్టర్ లెబో అను వ్యాపార నిపుణుడు అదే దేశమున ఒక పత్రికలో దాపరికము లేక వ్రాసెను. కర్మాగారముల వేగమునకు తగినట్లు ప్రజలు కొనుటయు, వాడుటయు, పారవేయుటయు త్వరపడవలెననియు, తమ ఆత్మకు కావలసిన తృప్తిని సహితము కొనుటలోనే వెదకుకొనునట్లు చేయవలసియున్నదనియు దాని సారాంశము. ప్రియులారా, ఆత్మతృప్తి అంగట దొరకునని ఒక వ్యాపారి చెప్పినప్పుడు, అతడు అంగడిని విడిచి మన దేవాలయములోనికే అడుగు పెట్టుచున్నాడు.

మన దేశమును ఆ మార్గముననే నడచుచున్నది. దేశపు మొత్తము ఉత్పత్తి విలువలో నూటికి సుమారు 60 వంతులు గృహస్థులు ఖర్చు చేయునదే. మనము కొన్న సబ్బు, కట్టిన చీర, నింపిన పెట్రోలు ఇవన్నియు కలిసి ఈ గొప్ప బండిని లాగుచున్నవి.

అట్లయిన కొనుటయే పాపమా? కాదు. ఈ సంగతి స్పష్టముగా చెప్పవలెను, లేనిచో మన నేతగాండ్రకే అన్యాయము చేసినవాడనగుదును. గద్వాల మగ్గము మీద నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును ఒక్కొక్క పోగు కలిపి నేయువానికి, ఎక్కడనో ఒక సహోదరి ఆ చీరను కొనిననే అన్నము. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఏమాయెనో చూచితిమి. పెండ్లిండ్లు నిలిచెను, దుకాణములు మూతపడెను, నేసిన చీరలు మడతలలోనే యుండిపోయెను. పట్టణములలో కట్టడములు నిలిచిపోగా పాలమూరు కూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని త్రోవ పట్టిరి. ఒకని ఖర్చు మరియొకని కూలి. మన ప్రభువు కానా ఊరి వివాహమునకు పోయెను. ద్రాక్షారసము చాలని యింటివారిని సిగ్గుపరచలేదు, వారి కొరత తీర్చెను. దేవుడు మన సంతోషమునకు పగవాడు కాడు.

మరి కీడు ఎక్కడ నున్నది? కడుపునకు అడుగున్నది, అన్నముతో నిండును. ఎదుటివారితో పోల్చుకొను కోరికకు అడుగు లేదు, అది ఎన్నటికిని నిండదు. అంగడికి నిండని పాత్రయే కావలెను. అందుచేత అది మన యింట నున్నదానిని ఎన్నడును అడుగదు, మన యింట లేనిదేదో అదే చూపుచుండును. పక్కింట నున్నది నీ యింట ఏది? నీ బిడ్డ కాలికి ఆ బూట్లు ఏవి? నీ ఫోను నిరుటిది గదా?

పూర్వము పెబ్బేరు సంతకు పోయి కావలసినది కొని, చీకటి పడక ముందే ఇల్లు చేరెడివారము. తిరిగి సంత వచ్చువరకు మనస్సు నెమ్మదిగా నుండెడిది. నేడు సంత మన అరచేతిలోనే యున్నది, రాత్రియు మూయరు. ఇక రొక్కము లేని బీదవాని కొరకు వేరొక ఉపాయము గలదు. తమిళనాడులో 1980ల నాటికి షాంపూను చిన్న పొట్లాలలో పోసి అమ్మసాగిరి. నేడు మన పల్లెలోని చిన్న కొట్టు ముందర సబ్బుపొడి, కాఫీపొడి, నూనె అన్నియు దండలవలె వ్రేలాడుచున్నవి. సీసా కొనలేని కూలిమనిషికి ఒక పొట్లము దొరకుట మేలే. అయినను దీనివలన ఒక సంగతి తెలియుచున్నది. బీదవాని చేతిలోని ఒక్క రూపాయిని సహితము ఎవడో లెక్కించుచున్నాడు. దానిని మనమే లెక్కింపకుందుమా?

లూకా 12వ అధ్యాయములోని ధనవంతుని మనము బాగుగా ఎరుగుదుము. అతని పొలము విస్తారముగా పండెను. పాత కొట్లు చాలవని పడగొట్టి పెద్దవి కట్టదలచెను. ఆ రాత్రియే అతని ప్రాణము అడుగబడెను. ఆ ఉపమానము ధనవంతులకే అని మనము నెమ్మదిగా విందుము. కాని ప్రభువు దానిని చెప్పినది ఆస్తి పంపకమునకై వచ్చిన ఒక సామాన్యునితో, జనసమూహము వినుచుండగా. కొట్లు లేనివానికి సహితము కొట్లను గూర్చిన కల యుండవచ్చును. కలిగియుండుటలోనే జీవమున్నదను మోసము మేడలోనికిని వచ్చును, గుడిసెలోనికిని వచ్చును.

3. ఉన్నదానిని అడుగు దేవుడు

ఇప్పుడు ఎలీషా యొద్దకు రండి. విధవరాలు తన కష్టము చెప్పుకొన్నప్పుడు ప్రవక్త ఆమెను గద్దింపలేదు, అప్పు ఎందుకు చేసితివని విచారింపలేదు. ఆమెకు ఏమి చేయవలెనో అడిగి, వెంటనే ఇంటిలో ఏమున్నదో చెప్పుమనెను. అంగడి ఏమి లేదని అడుగును, దేవుని సేవకుడు ఏమున్నదని అడిగెను. ఈ ధ్యానములో మరి యేది మరచినను ఈ ఒక్క భేదము మరువకుడి.

ఆమె మొదట ఏమియు లేదనియే చెప్పినది. తరువాత, నూనె కుండ యొకటి మాత్రము కలదని జ్ఞాపకము చేసికొన్నది. అప్పుబడిన మనస్సు అట్లే యుండును. కన్నీళ్లలో తన యింట నున్నది తనకే కనబడదు. మన సంగతి ఏమి? నూలును పట్టును కలుపు చేతులు, గోడ నిలువుగా లేపు చేతులు, విత్తన పత్తి చేనిలో పువ్వు పువ్వునకు క్రాసింగు చేయు ఓపిక గల చేతులు మన యిండ్లలో నున్నవి. నూరు మందికి వంట చేయగల తల్లులున్నారు, లెక్కలు వ్రాయగల పిల్లలున్నారు. మన తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడెల్ల ప్రభువు కొరకు తీసిపెట్టు పిడికెడు బియ్యమున్నది. మన పల్లెలలో మందిరములు లేచుటకు ఆ పిడికెడు బియ్యము ఎంత సహాయపడెనో పెద్దలను అడుగుడి. వెయ్యి రూపాయలు ఇచ్చినవారి పేర్లు రాతిపలక మీద నున్నవి. పిడికెడు ఇచ్చినవారి పేర్లు దేవుని యొద్ద నున్నవి.

4. పొరుగువారి కుండలు

ఎలీషా ఆమెను పొరుగువారందరి యొద్దకు పోయి వట్టి పాత్రలు అడిగి తెచ్చుకొనుమనెను, కొన్ని కాదు, చాలినన్ని. ఇక్కడ జాగ్రత్తగా చూడుడి. నూనె దేవుడిచ్చెను, పాత్రలు పొరుగువారిచ్చిరి. ఆ పొరుగువారిలో ఒక్కరికైనను మిత్తి లేదు. తన అవసరము నలుగురికి తెలియునని ఆమె భయపడియుండవచ్చును. అయినను వాకిలి వాకిలికి పోయి అడిగినది.

మన సహోదరి సంగతిలో పొరుగువారు ఏమైరి? ఆ గ్రూపు ఏర్పాటులో పొరుగువారి స్నేహమే తాకట్టు పెట్టబడెను. స్నేహితురాలు జామీనుదారు ఆయెను, జామీనుదారు వసూలుదారు ఆయెను. ఫ్రిజ్జు ఇంటిలోనికి వచ్చెను, అక్కచెల్లెండ్రు ఇంటి వెలుపలికి పోయిరి. కొన్నదాని వెల కాగితము మీద వ్రాసిన మొత్తముకంటె ఎక్కువ. ఆ ఎక్కువను ఎవరును ఆమెకు ముందుగా చెప్పలేదు.

మరియొక భేదము చూడుడి. ఎలీషా ఆ తల్లిని తలుపు మూసికొని నూనె పోయుమని చెప్పెను. ఆ అద్భుతము ఊరివారి మెప్పునకై చేయబడలేదు. మన పెండ్లిండ్లలో తలుపులన్నియు తెరచి, మైకులు పెట్టి వైభవము చూపుదుము. పిమ్మట అప్పు వచ్చినప్పుడు సిగ్గుతో తలుపు మూసికొందుము. ఆమె విశ్వాసముతో మూసికొన్న తలుపు వెనుక నూనె పారెను. మన సహోదరి మూసికొన్న తలుపు వెనుక కన్నీరు పారెను.

సంఘమా, ఈ విషయములో మనము నిర్దోషులమా? క్రిస్మసుకు క్రొత్త బట్టలు లేని పిల్లవాడు మందిరపు గోడ చాటున నిలిచినప్పుడు వానిని ఎవరు చూచిరి? కోత పండుగలో ఎక్కువ ఇచ్చినవారి పేర్లను నేనే గట్టిగా చదివితిని. అంగడి గోడల మీద వ్రాయించునదే మనము పులపీటము మీద నుండి చెప్పితిమి కాదా? దేవుడు మనలను క్షమించును గాక.

5. అప్పు తీర్చుము, మిగిలినదానితో బ్రదుకుము

పాత్రలన్నియు నిండినప్పుడు ఆమె ఇంకొకటి తెమ్మని కుమారునితో చెప్పగా, వాడు ఇక లేదనెను. అప్పుడు నూనె నిలిచెను. నూనె నిలిచినందుకు అనేకులు విచారపడుదురు గాని, నాకు అదియే ఓదార్పుగా నున్నది. దేవుని ఈవికి ఒక కొలత గలదు, ఆ కొలత పేరు చాలును అనుట. అరణ్యములో మన్నా కురిసినప్పుడును అట్లే జరిగెను. ఎక్కువ కూర్చుకొన్నవానికి మిగులలేదు, తక్కువ కూర్చుకొన్నవానికి తక్కువ కాలేదు, ఆజ్ఞ మీరి ఉదయము వరకు దాచినది పురుగు పట్టెను (నిర్గమకాండము 16).

పిమ్మట ప్రవక్త చెప్పిన వరుసను కంఠతా పట్టుడి. నూనె అమ్ముట మొదటిది. అప్పు తీర్చుట రెండవది. మిగిలినదానితో తల్లియు బిడ్డలును బ్రదుకుట మూడవది. అంగడి ఈ వరుసను తలక్రిందులు చేసి, మొదట అనుభవింపుము, పిమ్మట అప్పు చూచుకొందువు అనును. ఆ తలక్రిందుల వరుసలోనే మన బిడ్డల చదువులు, కూలి సొమ్ము, రాత్రి నిద్ర పోవుచున్నవి.

కావున మన సంఘములలో చేయదగిన కొన్ని పనులు చెప్పుచున్నాను.

మొదటిది. వివాహము నిశ్చయమైనప్పుడు ఇరువైపుల పెద్దలు కూర్చుండి ఖర్చు కాగితము మీద వ్రాయవలెను. గోపురము కట్టువాడు మునుపు లెక్క చూచుకొనునని ప్రభువే చెప్పెను (లూకా 14:28). అప్పు లేని పెండ్లి చిన్నదైనను అదియే ఘనమైన పెండ్లి. ఆశీర్వాద ప్రార్థనకు మునుపు, ఈ రొక్కము ఎక్కడిదని అడుగుట ఇకమీదట నా విధిగా పెట్టుకొన్నాను. నాపై కోపపడకుడి.

రెండవది. కిస్తీల మీద వస్తువు తేదలచిన యిల్లు ఒక నెల ఆగవలెను. ఆ నెలలో భార్యాభర్తలు యెషయా 55:2 కలిసి చదువవలెను. ఆహారము కానిదాని కొరకు రూకలు పోయుట ఎందుకని ప్రవక్త అడుగుచున్నాడు. నెల గడచిన పిమ్మటను ఆ వస్తువు అవసరమే అనిపించినచో, ఉన్న కిస్తీలన్నియు కూడి చూచుకొని నిర్ణయించుకొనుడి.

మూడవది. పిడికెడు బియ్యములో ఒక పాలు అప్పుబడిన యింటి కొరకు వేరుగా ఉంచవలెను. ఎవరికి ఇచ్చితిమో బయట చెప్పరాదు.

నాలుగవది. అప్పును దాచకుడి. రాత్రి వేళ మనస్సునకు చావు తలంపు వచ్చినచో ఒంటరిగా నుండకుడి. నా తలుపు తట్టుడి, పెద్దల తలుపు తట్టుడి. ఏ కంపెనీ కాగితమైనను మీ ప్రాణమంత విలువ గలది కాదు. మీ ప్రాణమునకు వెల చెల్లించినవాడు వేరొకడున్నాడు.

ఆ సహోదరి సంగతి చెప్పి ముగించెదను. మరునాటి సాయంకాలము ఆ నలుగురు స్త్రీలను వెంటబెట్టుకొని ఆమె యింటికి పోతిని. చాలసేపు ఎవరును మాటలాడలేదు. కడపట వారిలో పెద్దామె, "ఈమె మీద మాకు కోపం లేదు అయ్యగారూ. మాక్కూడ అప్పులున్నయి. సిగ్గుతోని మేమే మాట్లాడలేదు" అన్నది. అయిదుగురును ఏడ్చిరి. పిమ్మట ఒక పిల్లవానిచేత నోటుబుక్కు తెప్పించి, ఇంట ఏమున్నదో వ్రాసితిమి. ఫ్రిజ్జు సగము ధరకే పోయెను. కోడలికి కుట్టుపని వచ్చునని ఆ దినమే అత్తకు బాగుగా తెలిసెను. మూడు నెలలు సంఘపు స్త్రీలు పిడికెడు బియ్యము ఇచ్చిరి. అద్భుతము జరిగెనని నేను చెప్పను. గ్రూపు లోను తీరెను గాని, మిత్తి అప్పు కొంత ఇంకను ఉన్నది. అయితే ఆమె తిరిగి ముందు వరుసలో కూర్చుండుచున్నది. మొన్నటి ప్రభురాత్రి భోజనములో ఆ నలుగురి నడుమనే కూర్చుండి రొట్టె తీసికొన్నది. ఆ బల్ల మీద ఉన్నది కొనబడినది కాదు. మనకొరకు ఉచితముగా ఇయ్యబడినది.

ప్రార్థన: కృపగల తండ్రీ, మా యింట లేనివాటిని లెక్కించి అలసితిమి. నీవు మా యింట ఉంచినవాటిని చూచు కన్నులు మాకు దయచేయుము. అప్పుబడినవారి తలుపు కడ వసూలుదారులుగా గాక, పాత్రలు తెచ్చిన పొరుగువారుగా మమ్మును నిలువబెట్టుము. చాలునని చెప్పగల మనస్సును మాకును మా బిడ్డలకును అనుగ్రహింపుమని యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.